పొద నలంచికి కావలసిన అడవి

సూరత్ నగరంలో నవాగామ్, డిండోలి, లింబాయత్, ఉధ్నా అనే పేర్లు తెలంగాణ పల్లెల్లో చాలామందికి తెలుసు. మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ వైపు వాడల్లో తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అలాంటి మిల్లుల నగరంలోనైనా నాలుగు చెట్లు, గోడకో కన్నం దొరికితే చాలు, వేసవి తెల్లవారుజామున నలుపు తెలుపుల పిట్ట ఒకటి కరెంటు తీగ మీదకు చేరి గొంతెత్తుతుంది. అది పెద్ద నలంచి. గుజరాతీలు దైయడ్ అంటారు. దానికి దగ్గరి చుట్టం, పాటలో దాన్ని మించిన నేర్పరి, పొద నలంచి. దీన్నే తోక నలంచి అనీ, హిందుస్థానీలో షామా అనీ పిలుస్తారు. పొద నలంచి నగరంలో కాపురం పెట్టదు. అక్కణ్ణుంచి ఆగ్నేయంగా సుమారు నూరు కిలోమీటర్లు పోయి వాంసదా, డాంగ్ అడవుల్లో అడుగుపెడితే గానీ దాని పాట వినే అవకాశం రాదు. రెండింటిదీ ఒకటే ప్రజాతి, రెండూ పురుగులు తినేవే, రెండూ తొర్రల్లో గుడ్లు పెట్టేవే. అయినా ఒకటి ఊళ్లోకి వచ్చేసింది, రెండోది అడవి దాటి రాలేదు. ఎందుకన్నది చూడడానికి చిన్న ప్రశ్నే. జవాబు వెతుకుతూ పోతే మాత్రం మనం అడవిని లెక్కగట్టే పద్ధతి దగ్గరికే చేరుతాం. పొద నలంచికి చెట్లు ఉంటే సరిపోదు. నేలకూ మనిషి తలకూ నడుమ ఉండే తుప్పలు, నీడ, ఎండుటాకులు దానికి ఇల్లు. ఆ పొర పోయిన చోట పైన ఎంత పచ్చగా ఉన్నా అది దానికి అడవి కాదని నా వాదన.

ముందు పిట్టను దగ్గరగా చూద్దాం. మగది తోకతో కలిపి 23 నుంచి 28 సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులో సగం దాకా తోకదే. బరువు మాత్రం 28 నుంచి 34 గ్రాములు. తల, రొమ్ము, వీపు నిగనిగలాడే నలుపు, వెలుతురు తగిలితే అందులోంచి నీలిమెరుపు. పొట్ట ముదురు కావిరంగు. తోక మొదట్లో, నడుము మీద, తెల్లని పట్టీ. తోకలో బయటి ఈకలూ తెలుపే. ముక్కు నలుపు, కాళ్లు లేత గులాబీ. ఆడపిట్టలో మగదాని నలుపంతా బూడిద కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది, తోక కురచ. పిల్లలకు రొమ్ము మీద మచ్చలుంటాయి. ఈ రంగులు ఎండలో చూస్తే ఆడంబరంగా అనిపిస్తాయి. వెదురు పొద కింద, ఆకుల సందుల్లోంచి చిల్లులు పడ్డట్టు దిగే వెలుతురులో అవే రంగులు పిట్టను దాచేస్తాయి: నలుపు నీడలో కలుస్తుంది, కావిరంగు ఎండుటాకుల్లో కలుస్తుంది. ఎగిరినప్పుడు నడుము మీది తెలుపు తళుక్కుమంటుంది, వాలగానే మాయమవుతుంది. కంటికి దొరకదు కాబట్టే పాటకు అంత పని పడిందనుకోవచ్చు.

దాని దినచర్య కూడా ఆ పొరకు కట్టుబడినదే. నేలకు కొద్ది ఎత్తున కొమ్మ మీద కూర్చుంటుంది, ఆకుల్లో కదలిక కనిపించగానే దూకి మిడతనో చెదనో పట్టుకుని మళ్లీ కొమ్మకు చేరుతుంది. నేలమీద గెంతుతూ కూడా వెతుక్కుంటుంది. భయపడితే నాలుక చప్పరించినట్టు టక్, టక్ మంటూ మరింత లోపలి పొదలోకి జారుకుంటుంది తప్ప చెట్టు చివరికి ఎగరదు. పాటకు పొద్దు పొడవక ముందు గడియలు, పొద్దు గుంకిన తరువాతి గడియలు దానికి ఇష్టం. తక్కిన పిట్టలన్నీ సద్దుమణిగాక కూడా పాడుతూనే ఉంటుంది. నిండుగా, వేణువూదినట్టు సాగే స్వరాల నడుమ పక్క పిట్టల కూతలను కూడా చొప్పించి అనుకరిస్తుంది. ప్రపంచంలో యంత్రం మీద తొలిసారి ముద్రించిన పక్షిపాటగా పేరుపడ్డది ఈ షామా పాటే: 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల బాలుడు ఎడిసన్ మైనపు సిలిండరు మీద పంజరంలోని షామా గొంతును పట్టుకున్నాడు. ఆ ముద్రణ నేటికీ నిలిచి ఉంది. గూడు పని ఆడదానిది. వేళ్లు, ఆకులు, కాడలు తెచ్చి తొర్రలో పరుస్తుంటే మగది కాపలా ఉంటుంది. గుడ్లు నాలుగైదు. ఆడపిట్ట ఒక్కతే 12 నుంచి 15 రోజులు పొదుగుతుంది, పిల్లలకు తిండి మాత్రం ఇద్దరూ తెస్తారు. పిల్లలు సుమారు పన్నెండు రోజుల్లో గూడు విడుస్తాయి.

ఇప్పుడు చుట్టంతో పోల్చి చూడాలి. పెద్ద నలంచి దాదాపు 19 సెంటీమీటర్ల పిట్ట, బరువులో పొద నలంచికంటే కొంచెం ఎక్కువే తూగుతుంది. చెట్టు తొర్ర దొరక్కపోతే గోడ కన్నం, పాడుబడ్డ గొట్టం, ఏదైనా దానికి సమ్మతమే. నగరంలో గూటికి చోటు దొరకదు కాబట్టి పొద నలంచి రాలేదని అందామంటే, ఆ ఇబ్బందిని పెద్ద నలంచి ఎప్పుడో దాటేసింది. తిండి వల్ల అందామా? పురుగులు పార్కుల్లోనూ ఉన్నాయి. తేడా వేట నేల దగ్గరుంది. పెద్ద నలంచి తోటలో, కోసిన పచ్చిక మీద, ఊడ్చిన వాకిట్లో, ఎండలో నిర్భయంగా గెంతుతుంది. మేడ అంచున, ఆంటెన్నా మీద నిలబడి పాడుతుంది. పొద నలంచి ఆ వెలుతురులోకి రాదు. తన చుట్టూ అడ్డు, తలపైన కప్పు, కాళ్ల కింద ఆకుల మెత్త ఉంటేనే మెలగుతుంది. ఆ మూడింటినీ నగరం మొదటి రోజే ఊడ్చేస్తుంది. మన ఉద్యానవనాల్లో తోటమాలి చేసే మొదటి పని రాలిన ఆకులు ఎత్తివేయడం, రెండోది అడుగు పొదలు నరకడం. శుభ్రత అని మనం మెచ్చుకునేది ఈ పిట్టకు ఎడారి.

నగరం సంగతి సరే, అడవిలోనే ఆ పొర తరిగిపోవడం అసలు చిక్కు. పాత పక్షిశాస్త్ర గ్రంథాల్లో సూరత్ డాంగ్స్ అని రాసిన ప్రాంతం సహ్యాద్రికి ఉత్తర కొస. పశ్చిమ కనుమల తేమ అడవి పక్షులు చాలా వాటికి ఇక్కడే హద్దు. 1940ల్లో సలీం అలీ గుజరాత్ అంతా సర్వే చేసి, 1954–55లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించిన వివరాల్లో ఈ అడవులకు ప్రత్యేక స్థానం ఉండడానికి కారణం అదే. ఏడాది వానంతా నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది, మిగతా ఎనిమిది నెలలు పొడి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి టేకు ఆకు రాల్చి అడవి నేల ఎండకు తెరుచుకుంటుంది. అప్పుడు చల్లదనం మిగిలేది పూర్ణ, అంబిక, ఖాప్రి, గిరా నదుల్లోకి దిగే వాగుల వెంట, వెదురు గుబుర్ల కింద. పొద నలంచి గూడు కట్టే కాలం ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, అంటే అడవి అత్యంత బోసిగా ఉండే రోజుల్లోనే. కాబట్టి ఆ వాగు గట్లు, ఆ వెదురు మిగిలితేనే ఆ ఏటి సంతానం మిగులుతుంది. విస్తీర్ణంలో అవి అడవిలో చిన్న భాగమే, కానీ పిట్ట బతుకంతా ఆ భాగంలోనే ఉంది.

1842లో బ్రిటిష్ ప్రభుత్వం డాంగ్ భిల్లు రాజుల దగ్గర ఈ అడవులు కౌలుకు తీసుకున్నది టేకు కోసమే. ఆ కౌలు గుర్తుగా ఆహ్వాలో ఏటా డాంగ్ దర్బారు ఇప్పటికీ జరుగుతోంది. అప్పటినుంచి అడవి విలువ టేకు మానుల లెక్కలోనే సాగింది. మిగిలింది టేకుకు పోటీ, నిప్పుకు మేత. తరువాతి కాలంలో వెదురుకు సోన్‌గఢ్ వైపు కాగితం పరిశ్రమ గిరాకీ తోడైంది. వెదురుకు సొంత కష్టం కూడా ఒకటుంది. ముళ్ల వెదురైనా సాధనపు వెదురైనా దశాబ్దాలకోసారి మూకుమ్మడిగా పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. మళ్లీ గుబురు కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో మొలకలను పశువులు మేసినా, నిప్పు అంటుకున్నా ఆ చోట వెదురు తిరిగి లేవకపోవచ్చు. చెట్లు మాత్రం నిలిచే ఉంటాయి. ఉపగ్రహం చూస్తే అదే అడవి.

మన లెక్క తప్పేది ఇక్కడే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనం ప్రకారం ఒక హెక్టారుకు మించిన నేల మీద చెట్ల కప్పు పది శాతం దాటితే అది అటవీ ఆచ్ఛాదనే. ఏ చెట్టు, ఎవరి భూమి అన్న పట్టింపు లేదు. మామిడితోటా కావచ్చు, టేకు తోటా కావచ్చు. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 647, తెలంగాణకు 632 చదరపు కిలోమీటర్ల అడవి పెరిగిందని వచ్చినప్పుడు దేశంలోనే మనవి మొదటి రెండు స్థానాలని పత్రికలు రాశాయి. చెట్టు పెరగడం మంచిదే, నాటినవారి కష్టం వృథా అనను. అయితే ఆ అంకె పైకప్పును కొలిచిన అంకె. కప్పు కింద ఏముందో అది చెప్పదు. ఫారెస్ట్ సర్వే క్షేత్ర సిబ్బంది నమూనా స్థలాల్లో పొదలనూ మొలకలనూ కూడా లెక్కిస్తారు కదా అని ఎవరైనా గుర్తుచేస్తే అది నిజమే. కానీ ఆ వివరం మంత్రుల ప్రకటనల్లోకి, పత్రికల శీర్షికల్లోకి రాదు. రాష్ట్రాలకు ర్యాంకులు ఇచ్చేది, నిధులు అడిగేది పైకప్పు అంకెతోనే. ఏ అంకె చూసి మెచ్చుకుంటామో దాన్నే పెంచుకుంటూ పోతాం.

నా వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. షామాను 1931లో హవాయిలోని కవాయి దీవికి, 1940లో ఓహు దీవికి తీసుకెళ్లి వదిలారు. అక్కడది చక్కగా స్థిరపడింది. బయటినుంచి తెచ్చి నాటిన చెట్ల అడవుల్లో, లోయల్లో, ఇళ్ల తోటల్లో కూడా పాడుతోంది. గూడు గురించి, పిల్లల గురించి పైన చెప్పిన అంకెల్లో చాలా భాగం ఓహులో పరిశోధకులు అగువాన్, కోనంట్ అధ్యయనం చేసి 1994లో ప్రచురించినవే. మగపిట్ట ఏలుకునే నేల సగటున 0.09 హెక్టారేనని, అంటే తొమ్మిది గుంటలైనా లేదని, తేల్చిందీ వాళ్లే. మరి సొంత అడవే కాని చోట, మనుషుల పెరళ్లలో ఇది బతకగలిగితే సూరత్‌లో ఎందుకు బతకలేదు, అడవి పిట్ట అన్న మాటకు అర్థమేమిటి అని అడగవచ్చు. హవాయి ఉదాహరణ నా మాటను కొట్టివేయదు, దానికి పదును పెడుతుంది. ఆ దీవుల్లో ఏడాది పొడవునా తేమ ఉన్న లోయలున్నాయి. బయటి మొక్కలే అయినా అవి నేల నుంచి దట్టంగా అల్లుకుంటాయి. ఆకులు నేల మీదే కుళ్లుతాయి. అంటే పిట్ట చెట్టు పేరు అడగలేదు, అమరికను అడిగింది. మద్దిచెట్టా, జామచెట్టా అన్నది దానికి రెండో మాట. నీడలో నడిచే నేల ఉందా అన్నది మొదటి మాట. పైగా అక్కడ నేల పురుగుల కోసం పోటీపడే మన అడవుల పక్షి సమూహం లేదు. దీన్ని బట్టి ఒక ఆశ కూడా పుడుతుంది: పాడైన అడవిలో అడుగుపొరను తిరిగి రానిస్తే పిట్ట మళ్లీ రావడానికి వందేళ్ల వృక్షాలన్నీ తిరిగి మొలవనక్కరలేదు. కొన్ని తొర్రల చెట్లు, చేయి పెట్టని తుప్ప చాలు.

రెండో ఆక్షేపణ: అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, ఈ పిట్టను ఆందోళన అక్కరలేని జాతిగానే ఉంచింది, ఇంత హడావుడి ఎందుకు? ఆ వర్గీకరణ జాతి మొత్తం అంతరించే ప్రమాదాన్ని తూచేది. భారత్ నుంచి ఇండోనేషియా దాకా పరుచుకున్న పిట్ట కాబట్టి మొత్తంగా చూస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుంది. అయినా సంఖ్య తగ్గుముఖంలో ఉందని ఆ సంస్థే రాసింది. డాంగ్ ఒక కొస. అడుగుపొరను నమ్ముకున్న పిట్టలు చెరువులూ పొలాలూ దాటి దూరాలు ఎగరడానికి వెనకాడతాయని ఇతర దేశాల పరిశోధనలు చూపాయి. 2008లో వెలువడిన పనామా ప్రయోగంలో కాలువ సరస్సు మీద పడవలో నుంచి వదిలిన కొన్ని అడవి పిట్టలు నూరు మీటర్లు కూడా దాటలేక నీటిలో పడ్డాయి. షామా వాటంత దుర్బలం కాదనే అనుకుందాం. అయినా 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట జలాశయం, చెరకు పొలాలు, రహదారులు కలిసి డాంగ్ అడవికీ తాపీ నదికి ఉత్తరపు అడవికీ మధ్య ఉంచిన ఎడం చిన్నది కాదు. ఒక వాగులో పిట్టలు పోతే పక్క వాగు నుంచి వచ్చి నింపగలగాలి. ఆ దారి తెగితే జాబితాలో జాతి క్షేమంగానే ఉంటుంది, వాగు మాత్రం మూగబోతుంది. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 నివేదిక 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాల ధోరణి చెప్పడానికి సరిపడా సమాచారం 338 జాతులకే దొరికింది, అందులో 204 తగ్గాయి. ఈ లెక్కల్లో చీకటి పొదల పక్షులు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. కనబడనివాటిని లెక్కించడం కష్టం మరి.

పాత రికార్డులనైనా నమ్ముకుందామంటే, ఈ ప్రాంతపు చరిత్ర హెచ్చరిస్తుంది. అడవి పైడికంటె (ఫారెస్ట్ ఔలెట్) అనే గుడ్లగూబ 1884 తరువాత కనిపించకుండా పోయింది. 1914లో తాపీ ఒడ్డున మాండ్వీలో పట్టానంటూ పక్షుల సేకర్త మైనర్‌ట్‌జ్‌హాగన్ ఒక నమూనా చూపాడు. అది జేమ్స్ డేవిడ్‌సన్ ఖాందేశ్‌లో సేకరించిన పిట్టనే దొంగిలించి, చీటీ మార్చినదని పక్షిశాస్త్రవేత్తలు పామెలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ తేల్చారు. 1997లో షహాదా దగ్గర ఆ గుడ్లగూబ మళ్లీ దొరికింది, 2014లో డాంగ్‌లోని పూర్ణ అభయారణ్యంలో కనిపించింది. గుడ్లగూబ విషయంలోనే ఇలా ఉంటే, ముప్పై గ్రాముల పొద నలంచి ఎక్కడ తగ్గిందో ఎక్కడ నిలిచిందో పాత పుస్తకాలను బట్టి చెప్పలేం. అవి చోటు చెబుతాయి, ఆ చోట పొద ఎంత ఎత్తుందో చెప్పవు.

పంజరం సంగతి వేరుగా చెప్పాలి. తన కొద్దిపాటి నేలను కాపాడుకునే మగది వేరొక మగ గొంతు వినగానే ఎదురొస్తుంది. వేటగాడు పంజరంలోని షామాను ఎరగా పెట్టేది ఆ రోషం తెలిసే. జావా దీవిలో 2018 నాటి సర్వే ఆధారంగా 6.6 కోట్ల నుంచి 8.4 కోట్ల పక్షులు పంజరాల్లో ఉన్నాయని పరిశోధకులు అంచనా కట్టారు; అక్కడ పాటపోటీల్లో షామాకు పెద్దపీట. ఇండోనేషియా 2018లో దాన్ని రక్షిత జాబితాలో చేర్చి, పెంపకందార్ల నిరసనకు తగ్గి కొద్ది నెలల్లోనే తీసేసింది. 2022 నవంబరులో పనామాలో జరిగిన వన్యజాతుల వ్యాపార ఒప్పందం (సైటీస్) సమావేశం షామాను రెండో అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతుల కట్టడి పెట్టింది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద దీన్ని పట్టడం, అమ్మడం నేరం. పెంచి అమ్మితే అడవి మీద ఒత్తిడి తగ్గదా అంటే, పెంచినదేదో పట్టినదేదో సంతలో ఎవరూ తేల్చలేనంత కాలం ఆ మాట దొంగసరుకుకు ముసుగే అవుతుంది. అయితే వేటను ఆపినంత మాత్రాన సరిపోదు. తుప్ప దట్టంగా ఉన్న చోట పట్టుకుపోయిన పిట్ట స్థానంలోకి మరొకటి వస్తుంది. పలచబడిన అడవిలో అది కూడా రాదు.

మిగిలిన ఆక్షేపణ మనుషులది, అందుకే బరువైనది. అడుగు తుప్ప అంటే ఎండాకాలంలో నిప్పుకు కట్టెలమోపు కదా, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు నేల శుభ్రం చేసుకోవద్దా, వెదురు అల్లి బతికే కోట్వాలియాల పొట్ట కొడతారా అని అడిగితే తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే అడవిలో అడుగుపొరను తీసేసింది వాళ్లు కారు. ఒకే చెట్టును నాటి, ఒకే చెట్టును లెక్కపెట్టిన విధానం తీసేసింది. బుట్టలల్లే కుటుంబం గుబురులోంచి ముదిరిన బొంగులు ఏరి కోస్తుంది, గుబురు బతుకుతుంది. టోకు కోతలో గుబురే పోతుంది. నిప్పు కూడా కొండవాలులో టేకు కింద ఒకలా పోతుంది, వాగు గట్టున తడి నేలలో మరోలా ఆగుతుంది. కాబట్టి అడవంతా తాళం వేయమని ఎవరూ అనడం లేదు. వాగుకు అటూ ఇటూ ఉన్న పట్టీలను కోత నుంచీ, నిప్పు నుంచీ, మేత నుంచీ తప్పిస్తే, అది మొత్తం అడవిలో కొద్ది వంతు. అదే వంతు వేసవిలో ఊటలను కూడా నిలుపుతుంది. ఆ నీళ్లతో ముందు పని పడేది డాంగ్ పల్లెలకే.

ఈ ప్రశ్న మన తూర్పు కనుమలకూ కొత్తది కాదు. మనిషి చేయి పడిన అడవుల్లో పక్షుల తీరు ఎలా మారుతుందో బ్రూస్ బీలర్, విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, షాహిద్ అలీ ఇక్కడి కొండల్లో పరిశీలించి 1987లోనే ఐబిస్ పత్రికలో రాశారు. అంతకు శతాబ్దం ముందే నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్, పక్షులతో పాటు వాటి తెలుగు పేర్లను సేకరించి 1862–64 నాటి తన గ్రంథంలో అచ్చువేశాడు; నలంచుల పేర్లు మనకు అందులో మిగిలాయి. పాపికొండల్లో, మారేడుమిల్లి వెదురు లోయల్లో పొద నలంచి ఇంకా పాడుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలు, గుజరాత్ అటవీ శాఖ తమ వార్షిక లెక్కల్లో పైకప్పు శాతం పక్కనే అడుగుపొర దట్టాన్నీ ప్రచురించాలి. వాగు గట్ల వెదురును కోత ప్రణాళికల నుంచి తప్పించాలి. సూరత్‌లో తెలుగు పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: ఏప్రిల్, మే నెలల్లో వీలు చూసుకుని ఒక్క ఉదయం వాళ్లను వాంసదా జాతీయోద్యానానికి తీసుకెళ్లండి, పొద్దు పొడవకముందే వాగు దగ్గర నిలబెట్టండి, విన్న ప్రతి పాటనూ తేదీ, చోటు వేసి, అక్కడ పొద ఎంత ఎత్తుందో కూడా రాయించండి.